ఫేయో, ఫేయా, ఫేయోస్, ఫేయాస్

కరీంనగర్,
జూన్ 10.

ప్రియమైన ప్రజ్ఞా,

హాస్టల్లో నీ పక్క మంచం మీద డిగ్రీ మొత్తం చదివినదాన్ని, నీతో మాట్లాడాలంటే పోస్టాఫీసుకు పోయి కవరు కొనుక్కోవాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. కవరు ఇచ్చినాయన "నౌకరికి దరఖాస్తా బిడ్డా?" అని అడిగాడు. "కాదు, దోస్తుకు ఉత్తరం" అంటే నా మొహం వంక రెండోసారి చూశాడు.

ఏం చేయను? నీ నంబరుకు ఎన్నిసార్లు చేసినా మోగదు. చివరికి మీ ఆయనకు, విద్యాధర్ అన్నకు, చేస్తే అసలు సంగతి చెప్పాడు. "ఫోన్ కడుపుకు దగ్గర ఉండొద్దని మా అమ్మ గుంజుకొని బీర్వల పెట్టి తాళమేసింది. నా మాట ఇంటదా? నువ్వు ఉత్తరం రాయి వందనా, కాయితాన్నయితే ఏమనది" అన్నాడు. అందుకని ఈ కాగితం.

నువ్వు కడుపుతో ఉండడం ఇది మూడోసారి అని నాకు తెలుసు. ముందు రెండుసార్లు ఏం జరిగిందో నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. ఈసారి అడుగుతున్నాను. ఎలా ఉన్నావు?

నా సంగతి ఇది. స్పెయిన్‌లో చెప్పులు, బట్టలు ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు "సైజు చాలలేదు, రంగు వెలిసింది" అని ఫిర్యాదు రాస్తే కరీంనగర్‌లో కూర్చుని జవాబు రాసే కంపెనీలో చేరాను. ముందు స్పానిష్ నేర్పుతున్నారు. ఆగస్టులో పరీక్ష. పాసైతే ఉద్యోగం, తప్పితే ఇంటికి, సుల్తానాబాద్ బస్సు. మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనొక్కదాన్నే కదా, బాపు అప్పుడే ఊరంతా చెప్పుకున్నాడు. దుబాయ్ పోయి వచ్చినవాళ్లు "అరబ్బీ అంతటిదా అన్నా?" అని అడిగితే "దానికంటె పెద్దది" అన్నాడట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు.

ఆ భాషలో గుణం చెప్పే మాట కూడా తను వర్ణించే వస్తువును బట్టి వేషం మార్చుకుంటుంది. మా కరుణాకర్ సార్ ఒక్కొక్కరికి ఒక్కో మాట ఇచ్చి, వారమంతా కనబడిన ప్రతిదానికీ దాన్ని తగిలించమన్నాడు. ఒకరికి పెద్ద, ఒకరికి కొత్త, ఒకరికి తెల్ల. నాకు వచ్చింది వికారం, అంటే అందంగా లేనిది. మగది ఒక్కటైతే ఫేయో, ఆడది ఒక్కటైతే ఫేయా. పలువురు మగవాళ్లు ఫేయోస్, పలువురు ఆడవాళ్లు ఫేయాస్. మనుషులకే అనుకున్నావా? పుస్తకం మగది, మేజా ఆడది, ఇండ్లు ఆడవి, చెప్పులు మగవి. మన తెలుగులో హాయి కదా! వికారమైన మనిషి, వికారమైన మేజా, వికారమైన ఇండ్లు. వికారం అందరికీ ఒక్కటే.

అవ్వకు ఫోన్లో ఇదంతా చెప్పాను. "మేజ ఆడిదా? అయితే కుర్చి మొగోడై ఉంటడు. ఇద్దరికి లగ్గం చేసెయ్" అంది. కుర్చీ కూడా ఆడదే అన్నాను. "గట్లనా! ఇగ గా ఇంట్ల మొగోడు యాడ కూసుంటడే?" అని ఒకటే నవ్వు.

జవాబు రాయి. నీ రాత చూసి చాలా రోజులైంది.

నీ నేస్తం,
వందన


ఆసిఫాబాద్,
జూన్ 19.

ప్రియమైన వందూ,

నీ ఉత్తరం తలగడ కింద పెట్టుకుని మేజా, కుర్చీల పెళ్లి తలుచుకుని నవ్వుతుంటే మా పోశవ్వ, ఇంటి పనికి వచ్చే ఆమె, "దొరసానికి గాలి సోకిందా ఏంది" అని గొణిగింది. డాక్టరమ్మ కదలొద్దంది. కిటికీ పక్కన మంచం వేశారు. అవతల పత్తి చేను, ఇవతల నేను. చేను నాకంటే ఎక్కువ కదులుతుంది.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. మొదటిది ఐదో నెలలో పోయింది. రెండోది ఆడపిల్ల, పుట్టింది. నేను ముందే పేరు అనుకున్నాను, ఊలు టోపీ అల్లాను. చూడవచ్చిన ప్రతి ఒక్కరూ "ఎంత సక్కగున్నది, ఎంత సక్కగున్నది" అన్నారు. ఆ సాయంత్రం దాటలేదు.

అందుకే ఈసారి మా అత్తమ్మ జానకీబాయి ఇంట్లో చట్టం పెట్టింది. ఊయల ఊసు లేదు, పేరు ఊసు లేదు, గుడ్డ ముక్క కుట్టకూడదు. మంచి మాట అసలే అనకూడదు. మొన్న పోశవ్వ నోరు జారి "ఈపాలి బంగారమసొంటి బిడ్డ పుడ్తది దొరసానీ" అంది. అత్తమ్మ అంతెత్తున లేచింది. "నోర్ముయ్యే! ఏం బంగారం? కోతి మొఖందే పుడ్తది. సప్పిడి ముక్కు, శాటలసొంటి చెవులు. మా ఇంటికి గదే ఎక్కువ" అని నా గుమ్మంలో నిలబడి, నా కడుపు వంక చూస్తూ, థూ అని ఉమ్మింది.

దిష్టి సంగతి నాకు తెలియక కాదు వందూ. మా జగిత్యాలలోనూ బుగ్గ మీద నల్లచుక్క పెడతారు. కానీ చుక్క పెట్టే చెయ్యి మెత్తగా ఉంటుంది కదా. ఈమె ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా నా కడుపు మీద చెయ్యి పెట్టలేదు. రోజూ పొద్దుగూకే వేళ గుమ్మం దాకా వస్తుంది, ఒక తిట్టు తిట్టి పోతుంది. ఈమెకు నా బిడ్డ అక్కరలేదేమోనని అనిపిస్తుంది. ఈసారి కూడా ఏమైనా అయితే ఈ ఇంట్లో నాతో పాటు ఏడ్చేవాళ్లు ఉంటారా అని కూడా అనిపిస్తుంది.

సరే, పాఠం చెప్పు. అత్తగారిని స్పానిష్‌లో ఏమంటారు? ఆమెకు నీ ఫేయో తగిలించవచ్చా?

నీ,
ప్రజ్ఞ


కరీంనగర్,
జూన్ 28.

ప్రియమైన ప్రజ్ఞా,

అత్తగారు స్వేగ్రా. ఆడమనిషి, ఒక్కతే, కాబట్టి ఫేయో కుదరదు, ఫేయా. మా అత్తగారు వికారమైనది అనడానికి: మి స్వేగ్రా ఎస్ ఫేయా. పది సార్లు అను. ఇద్దరు అత్తగార్లు ఉంటే ఫేయాస్. దేవుడి దయవల్ల నీకు ఒక్కతే.

ఇంకో అన్యాయం విను. వందమంది ఆడవాళ్ల మధ్య ఒక్క మగవాడు వచ్చి నిలబడితే చాలు, అందరూ ఫేయోస్ అయిపోతారట! నేను లేచి "అట్లెట్ల సార్?" అని అడిగాను. "నన్ను అడుగుతవేంది వందనా, వాండ్ల తాతలను అడుగు" అన్నాడు కరుణాకర్ సార్.

ఇంతవరకూ నవ్వడానికి రాశాను. ఇప్పుడు నిజంగా రాస్తున్నాను. నీ ఉత్తరం చదివి నాకు చాలా కోపం వచ్చింది. దిష్టికైనా ఒక హద్దు ఉండాలి. మంచం మీద కదలకుండా పడి ఉన్న మనిషి మీదికి రోజూ వచ్చి ఉమ్ముతారా? విద్యాధర్ అన్నకు చెప్పి జగిత్యాల పోరాదూ? మీ అమ్మ దగ్గర నాలుగు మంచి మాటలైనా వినబడతాయి. పోలేనంటే నేను ఇక్కడి నుంచి చెబుతున్నాను, విను. నీ బిడ్డ చాలా చక్కగా పుడుతుంది. నీ కళ్లతో, నీ నవ్వుతో. కావాలంటే రాసిపెట్టుకో.

నీ నేస్తం,
వందన


ఆసిఫాబాద్,
జూలై 15.

ప్రియమైన వందూ,

నీ పాఠం నా కొంప ముంచింది.

మధ్యాహ్నం అందరూ పడుకున్నారనుకుని, కిటికీ వైపు తిరిగి "మి స్వేగ్రా ఎస్ ఫేయా, మి స్వేగ్రా ఎస్ ఫేయా" అని గట్టిగానే వల్లె వేస్తున్నాను. వెనక నుంచి అత్తమ్మ గొంతు. "అగ్గబాయీ! ఏందే గది, మంత్రమా?" చేతిలో మిరపకాయల చాట. వందన దగ్గర స్పానిష్ నేర్చుకుంటున్నాను అన్నాను. "ఏమని?" అంది. నాకు ఒక్క అబద్ధమే దొరికింది. "మా అత్తమ్మ సక్కనిది అని, అత్తమ్మా."

ఆమె చాట కింద దించింది. "సక్కనిది అంటే ఏం మాట?" అని అడిగింది. "ఫేయా" అన్నాను. పెదవులు కదిపి చూసుకుంది. తర్వాత "నన్నేమన్న అనుకో. గా కడుపులదాన్ని మాత్రం గా మాట అనకు" అని పోయింది. ఆ సాయంత్రం గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు చూస్తే తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. తిట్టడం మాత్రం రోజూలాగే తిట్టింది. నాకు నవ్వు రాలేదు వందూ. చిన్నపిల్ల చేతిలోది లాక్కున్నట్టు అనిపించింది.

ఇంకొకటి. నీ ఉత్తరంలో చివర నా బిడ్డ గురించి రాసిన మాటలు చదువుతూ చదువుతూ చేత్తో మూసేశాను. నేనూ చదువుకున్నదాన్నే. అయినా చెయ్యి దానంతటదే పోయింది. అలాంటివి మళ్లీ రాయకు.

రెండు రోజులుగా కాళ్లు బాగా పొంగుతున్నాయి, తలనొప్పి తగ్గడం లేదు. రేపు మంచిర్యాలకు తీసుకుపోతామన్నారు. పోయి వచ్చాక రాస్తాను.

నీ,
ప్రజ్ఞ


కరీంనగర్,
ఆగస్టు 27.

ప్రియమైన ప్రజ్ఞా,

పోయి వచ్చాక రాస్తానన్నావు. రాలేదు. ఇంతకు ముందు రెండు ఉత్తరాలు వేశాను, వాటికీ జవాబు లేదు. ఇది ఎవరు విప్పుతారో కూడా నాకు తెలియదు.

విద్యాధర్ అన్నకు చేస్తూనే ఉన్నాను. ఒక్కసారి ఎత్తాడు. "ఆస్పత్రిల ఉన్నం వందనా" అన్నాడు. ఏ ఆస్పత్రి, ప్రజ్ఞ ఎలా ఉంది అంటే, "ఇప్పుడు ఏం అడుగకు" అని పెట్టేశాడు. ఆ గొంతు నాకు బాగుండలేదు. ఆ తర్వాత మోగుతుంది, ఎత్తడు.

పరీక్ష పాసయ్యాను. బాపు ఊళ్లో చాక్లెట్లు పంచాడు. నీకు చెప్పనిదే అది జరిగినట్టే లేదు.

నేను దిష్టిని నమ్మను. నీకు తెలుసు కదా, హాస్టల్లో ఎవరైనా నిమ్మకాయ కడితే తెంపి షర్బత్ చేసేదాన్ని. కానీ నీ బిడ్డ చక్కగా పుడుతుందని రాసిన ఆ వాక్యాన్ని ఎలాగైనా వెనక్కి తీసుకోవాలని ఇన్ని రోజులుగా ఒకటే గుబులు. రాసింది తిరిగి రాదు. మొన్న అవ్వను తీసుకుని కొండగట్టు పోయాను. మెట్ల పక్కన ఒక కోతి పిల్లను రొమ్ముకు కరుచుకుని కూర్చుంది. పిల్ల మొహమంతా ముడతలు, చెవులు చాటలు. తల్లి దాన్ని వదలడం లేదు. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. "ఏమైందే?" అంది అవ్వ. లోపలికి పోయి స్వామిని ఒక్కటే అడిగాను. మీ అత్తమ్మ అన్నట్టు కోతి మొహందే అయినా సరే. స్వామీ, ఆఖరికి నీ మొహమే ఇచ్చినా సరే. ఉంటే చాలు.

బిడ్డ సంగతి రాయలేకపోతే రాయకు. నువ్వు ఉన్నావని మాత్రం ఒక్క ముక్క రాయి.

నీ,
వందన


ఆసిఫాబాద్,
సెప్టెంబరు 24.

ప్రియమైన వందూ,

ఉన్నాను. ఇద్దరం ఉన్నాం.

ముందు ఆ మాట చదివి ఊపిరి పీల్చుకో. పిల్ల నా పక్కనే పడుకుంది. అది లేచేలోపు రాయాలి.

ఆ రోజు మంచిర్యాల పోగానే బీపీ చూసి నన్ను బయటికి పంపలేదు. పిల్లను వెంటనే తీయకపోతే ఇద్దరికీ ప్రమాదం అన్నారట. నాకు మత్తు సూది దాకానే గుర్తు. నెలలు నిండకుండా పుట్టింది, కిలోన్నర కూడా లేదు. నన్నొక గదిలో, దాన్నొక గదిలో పెట్టారు. చాలా రోజులు నేను లేవలేదు. విద్యాధర్ మీద కోపం పెట్టుకోకు. పిల్ల ఇంటి గడప తొక్కేదాకా ఎవ్వరికీ ఏమీ చెప్పనని అత్తమ్మ ఆయనతో ఒట్టు వేయించుకుంది. నీ ఫోన్ మోగినప్పుడల్లా దాన్ని చేతిలో పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడేవాడట. నీ ఉత్తరాలు మూడూ నిన్న ఒకేసారి చదివాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నీకు రాయాలని అక్కడే అనుకున్నాను.

అంత చిన్న పిల్లలను గుడ్డల్లో చుట్టి పెడితే చాలదట. మనిషి ఒంటి వేడి తగలాలి, రొమ్ముకు ఆనించుకుని గంటల తరబడి కూర్చోవాలి. తల్లి లేవలేకపోతే ఇంట్లోవాళ్లు ఎవరైనా చేయాలి. నర్సు ఆ మాట అనగానే అత్తమ్మ ముందుకు వచ్చిందట. పరాయివాళ్ల ముందు కొంగు జారనివ్వని జానకీబాయి, వార్డులో ప్లాస్టిక్ కుర్చీలో, రవిక గుండీలు విప్పి, ఆస్పత్రి గౌను కప్పుకుని, పిల్లను రొమ్ము మీద పడుకోబెట్టుకుంది. అన్నానికి లేవమంటే లేవదట. మామయ్య వచ్చి చూసి బయటికి పోయాడట.

నర్సు మళ్లీ వచ్చి, "ఊకె కూసుంటె ఎట్లనమ్మా? మాట్లాడుండ్రి. పిల్లకు మీ గొంతు ఇనవడాలె" అంది. అక్కడ వచ్చింది చిక్కు. మంచి మాట అంటే దిష్టి. చెడ్డ మాట అందామంటే, అరచేతిలో పట్టేంత ప్రాణాన్ని చూస్తూ ఆమెకు నోరు రాలేదు. నాలుగు నెలలు రోజూ తిట్టిన మనిషికి అప్పుడు తిట్టు రాలేదు వందూ.

నన్ను చక్రాల కుర్చీలో మొదటిసారి ఆ గదికి తీసుకుపోయిన రోజు, గుమ్మం దగ్గరే ఆమె గొంతు వినబడింది. తల వంచి, పిల్ల చెవిలో, మెల్లగా ఊగుతూ అంటోంది. "ఫేయా. ఓ ఫేయా. నా ఫేయా. ఎంత ఫేయావే నువ్వు."

నన్ను చూసి దొంగలా దొరికిపోయినట్టు సర్దుకుంది. "గా మాట గీడ ఎవ్వలికి తెల్వదు. మనుషులకే తెల్వదంటే దిష్టికి యాడ తెలుస్తది? అందుకని అన్న" అంది. నేను పిల్ల కాలి వేలు ముట్టుకున్నాను. అప్పుడు, నా వంక చూడకుండానే చెప్పింది. "మీ ఆయిన కంటె ముందుగాల నాకు ఇద్దరు పుట్టిండ్రు. నా పిల్లలు సక్కగున్నరని ఊరంత సెప్పుకున్న. ఇద్దరు పోయిండ్రు. మూడోడు వీడు. బడికి పోయేదాంక వీన్ని కచ్రూ అనే పిలిచిన, చెత్త అని. నీ కడుపు మీద చెయ్యి పెడ్దామని దినాం పొద్దుగూకంగ వస్తుంటి. పెడ్తే మల్ల ఇడువలేనని భయం. తిట్టి పోతుంటి."

నాకు ఏడుపు ఆగలేదు. ఈమె నాతో పాటు ఏడుస్తుందా అని రాశాను కదా నీకు. ఆమె నాకంటే ముందే మొదలుపెట్టింది.

ఫేయా అంటే ఏమిటో చెప్పలేదు. ఎలా చెప్పను? దిష్టి చెవికి ఏది వినబడాలో అదే వినబడింది, పిల్ల చెవికి ఏది చేరాలో అదే చేరింది. పైగా మగా ఆడా తప్పు కూడా పోలేదు చూడు. నువ్వు జూన్ నుంచి ఆగస్టు దాకా తలకిందులైన పాఠం ఆమెకు ఒక్కసారికే వచ్చింది.

అంతటితో అయిపోలేదు. పక్క కుర్చీలో లస్మవ్వ అని ఒక ముసలామె ఉండేది, ఆమెకు కవల మనవలు, ఒక పిల్ల, ఒక పిల్లగాడు. ఇద్దరినీ మార్చి మార్చి మోసేది. అత్తమ్మ మాట విని, "బాయమ్మా, గా మాట మా పోరగాండ్లకు గూడ పనికొస్తదా?" అని అడిగింది. అత్తమ్మ నా వైపు తిరిగింది, నేనేదో పంతులమ్మనైనట్టు. పిల్లగాడైతే ఫేయో అనాలి, ఇద్దరినీ కలిపితే ఫేయోస్ అని చెప్పాను. "పిల్లనే ముందుగాల పుట్టింది. గయినా పిలగాని దిక్కే మలిపిండ్రా? గా దేశంల గూడ మన తీర్గనేనా!" అంది లస్మవ్వ. నీ గొంతే విన్నట్టయింది. వారం తిరిగేసరికి వార్డులో కుర్చీ కుర్చీకీ ఒక ఫేయో, ఒక ఫేయా. నర్సు కూడా బరువు తూచి, "ఫేయా పెరిగింది" అని చెప్పేది. ఎవరైనా మగపిల్లవాణ్ని ఫేయా అంటే అత్తమ్మ ఊరుకునేది కాదు. "ఓ" అని దిద్దేది.

నువ్వు పాసయ్యావని చదివి గట్టిగా చెప్పాను ఇంట్లో. "గా పోరి మాటనే మన పిల్లను కాపాడింది. దానికి చీర పెట్టాలె" అంది అత్తమ్మ. కాబట్టి నువ్వు వచ్చి తీరాలి. వచ్చినప్పుడు ఆమె నిన్ను తప్పకుండా అడుగుతుంది, ఫేయా అంటే నిజంగా చక్కనిదేనా అని. ఏం చెప్పాలో నీకు తెలుసు. కొండగట్టు మీద అడిగినదాన్ని తలుచుకుని చెప్పు. పిల్ల మొహం అచ్చం నువ్వు అడిగినట్టే ఉంది, ముడతలు, చాటలాంటి చెవులు. నేను దాన్ని వదలడం లేదు.

నిన్న ఇంటికి వచ్చాం. కారులో పిల్ల నా ఒడిలో, అత్తమ్మ నా పక్కన. ఆస్పత్రిలో నా జుట్టు సగం ఊడింది, కళ్ల కింద నల్లని గుంటలు, మొహమంతా ఉబ్బు. అత్తమ్మ నన్ను అదేపనిగా చూస్తోంది. ఏమంటుందోనని తల తిప్పుకున్నాను. చెయ్యి చాచి నా చెదిరిన జుట్టు చెవి వెనక్కి సర్దింది.

"నువ్వు గూడ ఫేయావేనే" అంది.

పెళ్లై ఇన్నేళ్లలో నన్ను ఆమె మెచ్చుకోవడం అదే మొదలు.

నేను నవ్వుతూ ఏడుస్తున్నాను. ఆమె పిల్లనూ నన్నూ మార్చి మార్చి చూసి అడిగింది.

"ఇద్దరినీ కలిపితే ఏమంటరే?"

"ఇద్దరం ఆడవాళ్లమే కదా, ఫేయాస్ అత్తమ్మా."

"ఫేయాస్" అంది, నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు. "నన్ను గూడ అండ్ల ఏసుకోరాదుండ్రి."

పిల్ల లేచింది. ఇక రాయలేను. త్వరగా రా.

ఫేయాస్ ముగ్గురిలో నడిమిది,
ప్రజ్ఞ